గంబో, అకార్డియన్, శనివారం పొద్దున

పిల్లల దగ్గరికి హూస్టన్ వెళ్ళే పెద్దవాళ్ళకి నాదొక మనవి. అక్కడ మీకు నాసా వాళ్ళ స్పేస్ సెంటర్ చూపిస్తారు, పేర్లాండ్ మీనాక్షి గుడికి తీసుకెళ్తారు, తెలిసినవాళ్ళ ఇళ్ళలో భోజనాలకి పిలుపులు వస్తాయి. అవన్నీ కానివ్వండి. అయ్యాక ఓ శుక్రవారం మధ్యాహ్నం కొడుకునో అల్లుణ్ణో పట్టుకుని, "ఇప్పుడే బయల్దేరి లూసియానా పోదాం, రాత్రికి లఫాయెట్‌లో పడుకుందాం" అనండి. ఐ-10 రోడ్డెక్కి తూర్పుకి పోతే మూడున్నర గంటల దారి. న్యూ ఆర్లీన్స్ దాకా అక్కర్లేదు. దానికి ఎలాగూ పేరుంది, జనం వెళ్తూనే ఉంటారు. నేను చెప్పేది అంతకు చాలా ముందే వచ్చే చిన్న ఊళ్ళ సంగతి: బ్రో బ్రిడ్జ్, యూనిస్, మాము, ఒపెలూసస్.

ఎందుకంటారా? అక్కడ శనివారం పొద్దున్న టిఫిను వేళకే బ్యాండు మోగుతుంది. ఓ పక్క గుడ్లూ, వేడివేడి బిస్కెట్లూ, కాఫీ. ఇంకో పక్క బార్ కౌంటరు. గది మధ్యలో, ఇంకో నాలుగు బల్లలు హాయిగా పట్టే చోట, ఏమీ వెయ్యరు. అది నాట్యానికి. ఇస్త్రీ చొక్కా వేసుకున్న తాతగారు భార్య చెయ్యి పట్టుకుని లేస్తారు. పక్కనే కాలేజీ కుర్రాడూ వాడి స్నేహితురాలూ. తాత బూట్ల మీద కాళ్ళు పెట్టి నిలబడి అడుగులు నేర్చుకునే నాలుగేళ్ళ పిల్ల కూడా ఉంటుంది. జంటలన్నీ గడియారం ముల్లుకి ఎదురు దిక్కున గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. ఒకళ్ళకొకళ్ళు తగలరు. పాట ఆగగానే వచ్చి, చల్లారిన కాఫీ తాగి, ఇంకో ముద్ద తిని, మళ్ళీ లేస్తారు.

మన ఊళ్ళలో బార్ అండ్ రెస్టారెంట్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. నల్లద్దాల తలుపు, లోపల సగం చీకటి, మగవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళాలంటే పైన ఫ్యామిలీ సెక్షను. ఇక పాట వినాలంటే సభకి పోవాలి, అక్కడ తిండి ఉండదు. బ్రో బ్రిడ్జ్‌లో ఇవన్నీ ఒకే గదిలో, పగటి వెలుతురులో కనిపించేసరికి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ గదిని చూసి నేర్చుకోవాల్సింది మనకి చాలా ఉందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఆ ఊళ్ళో కఫే దెజామీ అనే హోటలు శనివారం పొద్దుటి జైడికో పాటల టిఫినుకి ఏళ్ళ తరబడి పేరు మోసింది. 2017లో అది మూతపడింది. అలవాటు మాత్రం ఆగలేదు, దగ్గర్లోనే ఉన్న బక్ అండ్ జానీస్ అందుకుంది. ఇంకా ఉత్తరంగా మాము అనే చిన్న ఊరికి పోతే ఫ్రెడ్స్ లౌంజ్ ఉంటుంది. ఫ్రెడ్ టేట్ అనే ఆయన 1946లో కొన్న బార్ అది. 1962 నుంచి అక్కడ శనివారం పొద్దుటి పాటల్ని రేడియోలో నేరుగా ప్రసారం చేస్తూ వచ్చారు. గది చాలా చిన్నది. మధ్యలో తాడు కట్టి, ఆ తాడు లోపల వాద్యగాళ్ళని కూర్చోబెడతారు. తాడు చుట్టూ జనం నాట్యం చేస్తారు. రేడియోలో ప్రకటనలు కూడా చాలాకాలం ఫ్రెంచిలోనే చదివేవారు.

ఫ్రెంచి ఏమిటి, అమెరికాలో? అదే అసలు కథ. కాస్త ఓపిగ్గా వినండి.

కెనడా తూర్పు తీరంలో, ఇప్పటి నోవా స్కోషియాలో, అకేడియన్లని ఫ్రెంచి రైతులుండేవారు. 1755లో బ్రిటిషువాళ్ళు వాళ్ళని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి ఓడలెక్కించారు. ఇళ్ళు తగలబెట్టారు. కుటుంబాలు విడిపోయాయి, ఎందరో దారిలోనే పోయారు. బతికినవాళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, 1765లో కొందరు బోసోలే బ్రుసార్ అనే నాయకుడి వెంట దక్షిణ లూసియానా చిత్తడి నేలలకి చేరారు. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడల్లో మరో పదహారు వందలమంది దాకా వచ్చారు. ఆ సంతతివాళ్ళే కేజన్లు. వాళ్ళ పక్కనే, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల సంతతి, ఫ్రెంచే మాట్లాడే నల్లజాతి క్రియోళ్ళు. ఒకరి పాట ఒకరు విన్నారు, ఒకరి కుండలోది ఒకరు తిన్నారు.

గంబో అనే అక్కడి పులుసు తాగి చూస్తే ఈ చరిత్రంతా గిన్నెలోనే కనిపిస్తుంది. బెండకాయ ఆఫ్రికావాళ్ళది. పైన చల్లే ససాఫ్రాస్ ఆకుపొడి చోక్టా తెగవాళ్ళు నేర్పింది. అడుగున ఉండే రూ ఫ్రెంచివాళ్ళది. నూనెలో మైదాపిండి వేసి సన్నటి సెగ మీద కలపడమే రూ. తెల్లగా ఉన్నది గోధుమరంగుకి, తర్వాత ఎర్రమట్టి రంగుకి, చివరికి చాక్లెట్ రంగుకి వస్తుంది. పాలకోవా తిప్పేవాళ్ళకి ఎంత ఓపిక కావాలో అంత కావాలి, గరిటె వదిలి ఫోను తీశారంటే మాడుతుంది, మాడితే పారబోసి మొదటి నుంచి చెయ్యాల్సిందే. రంగు రాగానే ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం ముక్కలు గుమ్మరిస్తారు. ఈ మూడూ లేకుండా అక్కడ దాదాపు ఏ కూరా మొదలవ్వదు. తర్వాత కోడిమాంసమో, పొగపెట్టిన సాసేజో, రొయ్యలో. వడ్డించేటప్పుడు గిన్నెలో అన్నం పెట్టి పైన పోస్తారు.

అవును, అన్నమే. మనవాళ్ళకి అక్కడ ఇట్టే మనసు కుదిరేది ఇందుకే. దారిలో క్రౌలీ ఊరి చుట్టుపక్కల చూడండి, రెండు పక్కలా వరిచేలే. కోతలైపోయిన మడుల్లో శీతాకాలం మళ్ళీ నీళ్ళు పెడతారు. నీళ్ళ మీద వరసగా ఎర్రటి మూతలేవో తేలుతున్నట్టు కనిపిస్తాయి. అవి మావులు, తీగవలతో చేసిన బుట్టల పైభాగాలు. క్రాఫిష్ కోసం పెట్టినవి. ఎండాకాలమంతా మట్టిలో బొరియలు చేసుకుని దాక్కున్న, రొయ్యల్లాంటి ఈ చిన్న మంచినీటి జీవాలు నీళ్ళు రాగానే పిల్లలతో బయటికి వస్తాయి. కోసిన వరిదుబ్బుల మీద పెరిగే నాచూ, పురుగూ వాటి ఆహారం. అడుగు బల్లపరుపుగా ఉండే అల్యూమినియం పడవకి వెనక చక్రం బిగించి, దానితో బురదని తోసుకుంటూ రైతు మడిలో పోతాడు. పడవ ఆపకుండానే ఒక బుట్ట ఎత్తి, వంచి, ఎర వేసి, మళ్ళీ దింపుతాడు. ఒకే నేల, ఒకే ఏడు, వరి ఒక పంట, క్రాఫిష్ ఒక పంట. మన పశ్చిమ గోదావరిలో వరిచేలు చెరువులుగా మారిపోయి మళ్ళీ వరికి రాలేకపోవడం చూసినవాళ్ళకి ఇది ఆగి చూడాల్సిన సంగతి. అయితే వాన తప్పితే అక్కడా కష్టమే. 2023 ఎండాకాలం నేల ఎండిపోయి క్రాఫిష్ బొరియల్లోనే చచ్చిపోతే, 2024లో వాటి ధర ఆకాశానికంటింది.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. అమెరికాకి బయటి నుంచి వచ్చే రొయ్యల్లో అన్నిటికంటే ఎక్కువ మనదేశానివి. మనదేశంలో అన్నిటికంటే ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. భీమవరం చెరువులో పెరిగిన వెనామీ రొయ్య లూసియానా హోటల్లో వేపుడై కూర్చుంటుంది, ధర తక్కువ కాబట్టి. తమ తీరంలోని గల్ఫ్ సముద్రంలో వలలేసుకుని బతికే అక్కడి పల్లెకారులకి అది పెద్ద దెబ్బ. అందుకని 2019లో లూసియానా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది: హోటలువాళ్ళు దిగుమతి రొయ్యలు గానీ, క్రాఫిష్ గానీ వడ్డిస్తుంటే ఆ సంగతి మెనూలో రాసి తీరాలి. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఆ వాక్యం ఉందేమో వెతకండి. నాకు రెండు వైపులా మనసు లాగుతుంది. చెరువు గట్టు మీద రాత్రుళ్ళు ఏరియేటర్లకి కాపలా కాసే మన రైతు నాకు తెలుసు. తెల్లారుజామున పడవ తీసే అక్కడి మనిషి కష్టమూ అర్థమవుతుంది. కానీ వాళ్ళ ఊరికి వెళ్ళి వాళ్ళ పాట వింటున్నప్పుడు వాళ్ళ నీళ్ళలో దొరికిందే తినడం మర్యాద అని నా అభిప్రాయం. దగ్గరలో పట్టిందేది అని అడగండి, సంతోషంగా చెబుతారు.

ఏం తినాలో చెప్పనివ్వండి. ఫిబ్రవరి నుంచి మే దాకా అయితే ఉడికించిన క్రాఫిష్. పెద్ద ట్రేలో పౌన్ల లెక్కన తెచ్చి కుమ్మరిస్తారు. అందులోనే మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు. కారం వేళ్ళకి అంటి సాయంత్రం దాకా వదలదు. తల తుంచి, తోక ఒలిచి, తలలోని రసం పీల్చేస్తారు. పీల్చడానికి మొహమాటపడకండి, రుచంతా అక్కడే ఉంది. ఈస్టరుకి ముందు నలభై రోజుల లెంట్‌లో కేథలిక్కులు శుక్రవారాలు మాంసం ముట్టరు, క్రాఫిష్ బాగా దొరికే కాలం కూడా అదే. అందుకని ఆ శుక్రవారాల్లో హోటళ్ళ బయట వరస కట్టి నిలబడతారు. ఒలుచుకునే ఓపిక లేనివాళ్ళకి ఎటుఫే ఉంది: వెన్నలో మగ్గిన ఉల్లిపాయా, క్రాఫిష్ తోకలూ, అన్నం మీద. ఇక బూడాన్ అంటే అన్నం, పందిమాంసం, కాలేయం, ఉల్లికాడలు కలిపి పేగులో కూరి ఆవిరి మీద ఉడికించినది. కిరాణా కొట్లలో, పెట్రోలు బంకుల్లో కూడా వేడిగా అమ్ముతారు. చాలామంది కారు బానెట్ మీదే పెట్టుకుని తినేస్తారు.

పెనం మీద నల్లగా కాల్చిన చేప కూడా అక్కడిదే, దానికో కథ ఉంది. ఒపెలూసస్ దగ్గర పుట్టిన పాల్ ప్రుదోమ్ అనే వంటవాడు, పదమూడుమంది పిల్లల్లో చివరివాడు, 1979లో న్యూ ఆర్లీన్స్‌లో హోటలు పెట్టాడు. రెడ్‌ఫిష్ ముక్కని కరిగిన వెన్నలో ముంచి, కారం మసాలా పట్టించి, పొగలు చిమ్మే ఇనపపెనం మీద వేసేవాడు. దేశమంతా ఎగబడింది. ఎంతగా ఎగబడిందంటే, ఆ చేప తగ్గిపోయి గల్ఫ్ నడిసముద్రంలో దాన్ని వ్యాపారానికి పట్టడమే నిషేధించాల్సి వచ్చింది. ఇప్పుడు ఎక్కువచోట్ల అదే పద్ధతిలో క్యాట్‌ఫిష్ చేస్తారు.

శాకాహారులు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఎర్రచిక్కుళ్ళ కూర చూడగానే మనదే అనిపిస్తుంది, కానీ అందులో పందిమాంసం ముక్క వేసే ఉడికిస్తారు. ఆకుకూరలతో చేసే గంబోలో కూడా తరచు మాంసం ఉంటుంది. మొక్కజొన్న కూర మాక్‌షూ అడిగి, అందులో బేకన్ కొవ్వు వేశారా అని కనుక్కోండి. బెండకాయ వేపుడు, కార్న్‌బ్రెడ్, చివర్లో పంచదార చల్లిన బెన్యేలు ఉంటాయి, పస్తుండక్కర్లేదు. వెళ్ళింది పాట కోసం కూడా కదా.

పాటకొస్తాను. కేజన్ బ్యాండులో ఫిడేలు, పది మీటలున్న చిన్న అకార్డియన్, గిటారు, త్రికోణం ఉంటాయి. ఆ త్రికోణాలు పూర్వం గడ్డి పోగుచేసే యంత్రాల ఇనప పళ్ళతో చేసుకునేవారు. క్రియోళ్ళ జైడికో ఇంకా వడిగా ఉంటుంది, అందులో బ్లూస్ కలిసింది. ఒంటికి చొక్కాలా తొడుక్కునే గీతల రేకు మీద చెంచాలతో బరుకుతూ తాళం వేస్తారు. పూర్వం బట్టలుతికే రేకుపలకనే చేత్తో పట్టుకునో, మెడలో తాడు కట్టుకునో వాయించేవారు. 1946లో క్లిఫ్టన్ షెనియే భుజాలకి తగిలించుకునేలా దాని రూపం చెబితే, టెక్సస్ పోర్ట్ ఆర్థర్‌లో విల్లీ లాండ్రీ అనే రేకుపనివాడు చేసి ఇచ్చాడు. తర్వాత జైడికోకి రాజని పేరు తెచ్చుకున్నది ఆ షెనియేనే.

వీళ్ళందరికంటే ముందు అమెదే ఆర్డ్వాన్ ఉన్నాడు. నల్లజాతి క్రియోల్, పొట్టి మనిషి, అకార్డియన్ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి నాట్యాలకి వాయించేవాడు. తెల్లవాడైన ఫిడేలు విద్వాంసుడు డెనిస్ మెగీతో కలిసి 1929లో రికార్డులిచ్చాడు. ఆ రోజుల్లో దక్షిణాదిలో ఒక నల్లవాడూ ఒక తెల్లవాడూ పక్కపక్కన కూర్చుని వాయించడం చిన్న విషయం కాదు. ఓ రాత్రి తెల్లవాళ్ళ నాట్యంలో వాయిస్తుంటే చెమటలు కారిపోయాయట. ఇంటివాళ్ళ అమ్మాయి తుడుచుకోమని చేతిరుమాలిచ్చిందట. దానికి కోపం పట్టలేక కొందరు దారి కాచి కొట్టి, పొలంలో పడేసి పోయారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మతి చెదిరి, 1942లో పైన్‌విల్ పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. ఆయన్ని పూడ్చిన చోటు కూడా గుర్తు లేదు. 2018లో ఒపెలూసస్‌లో విగ్రహం పెట్టారు. ఈ రోజు అక్కడ ఏ కేజన్ బ్యాండు వాయించినా అందులో ఆయన వేలి ఒడుపు వినిపిస్తుంది. నాట్యం మధ్యలో నా మనసు అటే పోతుంది.

భాష సంగతి కూడా అంతే బాధ. 1921 లూసియానా రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు తప్ప ఇంకో భాషలో చదువు ఉండకూడదంది. బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లల చేత, ఇకముందు మాట్లాడనని వందలసార్లు రాయించేవారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకి ఫ్రెంచి నేర్పలేదు, ఆ అవమానం వాళ్ళకి వద్దనుకున్నారు. ఇది చదువుతుంటే మీకూ 2009 గుర్తొచ్చే ఉంటుంది. కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, నేనెప్పుడూ తెలుగు మాట్లాడను అని ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారు.

బడి నుంచి వెళ్ళగొట్టిన భాష అక్కడ ఎక్కడ తలదాచుకుందో చూడండి. పాటలో, వంటింట్లో, శనివారం నాట్యంలో. 1964లో డ్యూయీ బాల్ఫా అనే ఫిడేలు వాయించే ఆయన ఇద్దరు స్నేహితులతో న్యూపోర్ట్ జానపద ఉత్సవానికి వెళ్ళాడు. ఆ మోటు పాటలు అక్కడ ఎవరు వింటారని సొంత ఊరివాళ్ళే అన్నారు. వేలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన ఇంటికొచ్చి, బయటివాళ్ళ చప్పట్లు కాదు, మనవాళ్ళ చప్పట్లు కావాలని పట్టుబట్టి బడులకి తిరిగి పిల్లలకి వాయించి వినిపించాడు. 1968లో ఫ్రెంచి కోసం ప్రభుత్వమే ఒక సంస్థని పెట్టింది. 1974 మార్చిలో లఫాయెట్‌లో కేజన్ సంగీతానికి పెద్ద కచేరీ జరిగింది. ఇప్పుడు కొన్ని బడుల్లో పాఠాలే ఫ్రెంచిలో చెబుతారు.

అయితే నాకు బడికంటే ఆ హోటలు గదుల మీదే నమ్మకం ఎక్కువ. పూర్వం పల్లెల్లో నాట్యాలకి పసిపిల్లల్ని కూడా తెచ్చి, పక్కగదిలో వరసగా పడుకోబెట్టి, గోడ అవతల తెల్లవారేదాకా ఆడేవారు. నిద్రలోనే పాట చెవిన పడేది. ఇప్పుడు పక్కగది లేదు, పిల్లలు బల్ల దగ్గరే కూర్చుని బంగాళాదుంప వేపుడు తింటూ వింటారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పన్నెండేళ్ళకి ఒకడు త్రికోణం అందుకుంటాడు. మనం బుర్రకథనీ, ఒగ్గుకథనీ వేదిక ఎక్కించి, శాలువా కప్పి, ముందు వరసలో అధికారుల్ని కూర్చోబెట్టి, పిల్లల్ని ఇంట్లో వదిలేసి వెళ్తాం. రాజమండ్రిలోనో వరంగల్‌లోనో ఒక్క హోటలు ఆదివారం మధ్యాహ్నం నాలుగు బల్లలు తీసేసి, ఒగ్గుకథ చెప్పేవాళ్ళనో, తప్పెటగుళ్ళవాళ్ళనో పిలిచి, పక్కన సర్వపిండో పులసో వడ్డించాలని నా కోరిక. కళాకారులకి మంచి డబ్బూ, వేడి భోజనమూ ఇవ్వాలి. పెట్టేవాళ్ళుంటే మొదటి బల్ల నేను ఖాయం చేసుకుంటాను.

నాట్యం రాదని వెనక్కి తగ్గకండి. వాల్ట్జ్ నెమ్మదిగా ఉంటుంది, మూడు లెక్కల్లో అడుగులు. టూ-స్టెప్ కాస్త చురుకు. ఎవరో ఒక పెద్దావిడ వచ్చి చెయ్యి చాస్తుంది, అమ్మా అక్కా అన్నంత చనువుగా, ఏ ఊరు మీది అని అడుగుతుంది. చెయ్యి ఇవ్వండి. అడుగు తప్పితే ఎవరూ నవ్వరు. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుంటే సరి. చందా డబ్బా మీ బల్ల దగ్గరికి వచ్చినప్పుడు బ్యాండుకి ఐదో పదో డాలర్లు వెయ్యడం మర్చిపోకండి.

మాము నుంచి యూనిస్ దగ్గరే. అక్కడ మార్క్ సావ్వా 1966లో పెట్టిన సంగీత దుకాణం ఉంది, అకార్డియన్లు చేతితో చేస్తారు. శనివారం పొద్దున్న ఊళ్ళోవాళ్ళు వాద్యాలు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుని వాయిస్తారు. ఊరికే కూర్చుని వినొచ్చు, బూడాన్ పొట్లం పట్టుకెళ్ళి పంచుకుంటే ఇంకా ఆదరిస్తారు. క్రాఫిష్ కావాలంటే మార్చి, ఏప్రిల్‌లో వెళ్ళండి. మే మొదట్లో బ్రో బ్రిడ్జ్‌లో క్రాఫిష్ పండగ. ఎండలు తట్టుకోలేని వాళ్ళు అక్టోబరులో వెళ్ళండి, లఫాయెట్ పార్కులో అకేడియన్, క్రియోల్ ఉత్సవం జరుగుతుంది. మూడు రోజులు, టికెట్టు లేదు. కుర్చీ మాత్రం మీదే పట్టుకెళ్ళాలి.